వదిలేసిన అప్పుకు పన్ను: 1099-సి వచ్చాక నాకు జరిగింది

2025 ఫిబ్రవరి 4, మంగళవారం. ఆఫీసు నుంచి వచ్చి మెయిల్‌బాక్సు తెరిస్తే కరెంటు బిల్లుతో పాటు ఒక పల్చటి కవరు ఉంది. మీద ఉన్న బ్యాంకు పేరు చూడగానే నా చేతులు చల్లబడ్డాయి. ఆ బ్యాంకుతో నా లెక్క ఆర్నెల్ల క్రితమే తీరిపోయింది. తీరిందని వాళ్లిచ్చిన ఉత్తరం బీరువాలో ఉంది. మళ్లీ ఏమిటి?

లోపల ఒక్కటే కాగితం, ఫారం 1099-సి. రెండో గడిలో 11,182 డాలర్లు అని ఉంది. బ్యాంకు నాకు వదిలేసిన అప్పు అది. అంత మొత్తం నాకు ఆదాయంగా వచ్చినట్టు అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్‌కు కూడా ఒక కాపీ వెళ్లింది.

ఈ అప్పు ఎలా పెరిగిందో ముందు కొంచెం చెప్పాలి. 2023 ఫిబ్రవరిలో డాలస్‌లో నా ఉద్యోగం పోయింది. హెచ్1బి మీద ఉన్నవాళ్లకు ఇచ్చే 60 రోజుల గడువులో 49వ రోజున ఇంకో ఉద్యోగం దొరికింది కానీ జీతం బాగా తగ్గింది. ఆ జూన్‌లోనే గుంటూరులో నాన్నకు బైపాస్ చేయాలన్నారు. విమానం టికెట్టు, ఆసుపత్రి అడ్వాన్సు, ఇక్కడి అద్దె, అన్నీ ఒకే కార్డు మీద పడ్డాయి. వడ్డీ 28 శాతం దాటింది. నెలనెలా మినిమమ్ కడుతున్నా అసలు తగ్గేది కాదు. 2023 నవంబరు నుంచి అదీ కట్టలేకపోయాను. రోజుకు ఆరేడు ఫోన్లు వచ్చేవి. కొత్త నంబరు కనిపిస్తే గుండె దడ. 180 రోజులయ్యాక, 2024 మేలో, బ్యాంకు ఆ ఖాతాను ఛార్జాఫ్ చేసింది, అంటే రాని బాకీగా లెక్కల్లో రాసేసుకుంది. అప్పటికి బాకీ 18,642 డాలర్లు.

సెటిల్‌మెంటు నేనే మాట్లాడుకున్నాను, మధ్యలో ఏ కంపెనీనీ పెట్టుకోలేదు. మొదట 60 శాతం అడిగారు. మూడో ఫోన్‌కాల్‌కు 7,460 డాలర్లకు దిగారు. జూన్‌లో 2,500, జూలైలో 2,500, ఆగస్టు 14న చివరిగా 2,460 కట్టాను. బాకీ లేదని వారంలో ఉత్తరం వచ్చింది. ఆ రాత్రి చాలా నెలల తర్వాత కంటినిండా నిద్రపోయాను. ఉత్తరం చివర చిన్న అక్షరాల్లో, మాఫీ చేసిన మొత్తాన్ని ఐఆర్‌ఎస్‌కు తెలియజేయవచ్చని ఒక వాక్యం ఉంది. చదివాను. కానీ అర్థం చేసుకోలేదు. సెటిల్‌మెంటు మాట్లాడుకునే రోజే ఆ పన్నుకు కొంత పక్కన పెట్టుకోవాలని నాకు ఎవరూ చెప్పలేదు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

మొదటి వారం

కవరు వచ్చిన వారంలోనే, శనివారం, ట్యాక్స్ సాఫ్ట్‌వేర్ ముందు కూర్చున్నాను. 92,000 డాలర్ల జీతం చూపే డబ్ల్యు-2 ఫారం ఎక్కించేసరికి 640 డాలర్లు రీఫండ్ అని చూపించింది. 1099-సి ఎక్కించగానే అది ఎగిరిపోయి, 1,820 డాలర్లు మీరే కట్టాలి అని ఎర్ర అక్షరాల్లో వచ్చింది. నేను 22 శాతం శ్లాబులో ఉన్నాను కాబట్టి 11,182 మీద 2,460 పన్ను. అప్పు తీర్చడానికే రెండేళ్లు పట్టిన మనిషిని. ఆ అంకె చూసి లాప్‌టాప్ మూసేసి బయట చలిలో అరగంట నడిచాను.

తర్వాత తెలిసినవాళ్లను అడిగాను. ఏటా మా స్నేహితులందరికీ రిటర్నులు వేసే ఒకాయన ఫోన్‌లోనే తేల్చేశాడు: "అది బ్యాంకు నష్టం రాసుకున్న కాగితం బ్రో, మనం వేయక్కర్లేదు." నమ్మాలనిపించింది, నిజంగా నమ్మాలనిపించింది. కానీ నా పాత రూమ్మేట్ ఇలాగే వేరే ఒక 1099 వదిలేశాడు. చాలాకాలం తర్వాత, రిటర్నులో ఆదాయం తక్కువ చూపావంటూ అతనికి సిపి2000 అనే నోటీసు వచ్చింది. 30 రోజుల్లో జవాబు చెప్పమని, పన్నుకు వడ్డీ, జరిమానా కలిపి. ఆ కాగితం పట్టుకుని అతను మా వంటగదిలో నిలబడిపోవడం నాకు ఇంకా గుర్తుంది. వేయక్కర్లేదన్న మాటను అక్కడితో వదిలేశాను.

ఫారంలో ఇంకో గడి నన్ను రెండు రోజులు ఆశపెట్టింది. వదిలేసిన 11,182లో వడ్డీ 2,318 అని మూడో గడిలో విడిగా చూపించారు. వడ్డీ అంటే నేను వాడుకున్న డబ్బు కాదు కదా, అదైనా తీసేయొచ్చేమో అనుకున్నాను. కుదరదు. కట్టి ఉంటే డిడక్షన్ దొరికే వడ్డీకే ఆ వెసులుబాటు. సొంత ఖర్చుల క్రెడిట్ కార్డు వడ్డీకి ఎలాగూ డిడక్షన్ లేదు.

దారి దొరికింది ఐఆర్‌ఎస్ వారి పబ్లికేషన్ 4681లో. ఉచితంగానే దొరుకుతుంది. అప్పు మాఫీ అవడానికి సరిగ్గా ముందు క్షణంలో మన ఆస్తుల మొత్తం కన్నా అప్పుల మొత్తం ఎక్కువుంటే దాన్ని ఇన్‌సాల్వెన్సీ అంటారు. ఎంత ఎక్కువుందో అంతవరకు మాఫీ అయిన అప్పును ఆదాయంలో కలపక్కర్లేదు. దానికి ఫారం 982 జతచేయాలి. లెక్క వేసుకోవడానికి అందులోనే ఒక వర్క్‌షీటు ఉంది. ఒకవైపు అప్పులు, ఒకవైపు ఆస్తులు.

నాన్న అడిగిన మాట

ఆదివారం ఇంటికి ఫోన్ చేసి, చదువు లోను బాకీ కాగితం బ్యాంకు నుంచి కావాలన్నాను. ఎందుకని నాన్న అడిగారు. చెప్పాను.

"వాళ్లే వదిలేశారన్నావు. వదిలేసిన దానికి పన్నేందిరా?"

అమెరికాలో అంతే నాన్నా, వదిలేసిన డబ్బు మనకు ఇచ్చినట్టే లెక్క అన్నాను. ఇన్‌సాల్వెన్సీ అని చూపిస్తే తగ్గుతుందన్నాను. అటువైపు చాలాసేపు మాట లేదు. తర్వాత గొంతు తగ్గించి, అమ్మకు వినపడకుండా కాబోలు, "ఐపీ పెట్టావా?" అని అడిగారు.

మా వైపు ఆ మాటకు ఎంత బరువుందో అక్కడ పెరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. పత్తి రేటు పడిపోయిన ఏడాది ఊళ్లో ఫలానా వాళ్లు ఐపీ పెట్టారట అంటే, ఆ ఇంటి ముందు నుంచి వెళ్లేటప్పుడు జనం మాటలు ఆపేసేవారు. నాన్న జీవితమంతా ఆ మాట తన ఇంటి మీద పడకుండా బతికారు. కోర్టు లేదు, దివాలా లేదు, పేపర్లో పడదు, ఇది రిటర్నులో ఒక ఫారం మాత్రమే అని మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి అమ్మ ఫోన్ తీసుకుని "ఆయన ఇప్పుడు నిమ్మళంగా ఉన్నారు, నువ్వు తిన్నావా?" అంది. ఆ రోజు నాకు పన్ను కన్నా ఈ ఫోనే ఎక్కువ కష్టమైంది.

కాగితాల వేట

ఇక్కడివి రెండు రోజుల్లో దొరికాయి. గుర్తుంచుకోవాల్సింది తేదీ. 1099-సి మొదటి గడిలో ఉన్న తేదీ ముఖ్యం. నాది 2024 ఆగస్టు 14. ఆస్తులూ అప్పులూ ఆ రోజు ఎంతున్నాయో అంతే రాయాలి, ఈ రోజువి కాదు. కాబట్టి ఆగస్టు స్టేట్‌మెంట్లన్నీ వెతికాను. కారు ధర కూడా ఆగస్టు నాటి మైలేజీతో చూశాను.

నన్ను ఆశ్చర్యపరిచినవి రెండు. అద్దె ఇంటికి కట్టిన డిపాజిట్ 1,150 కూడా ఆస్తే. ఉద్యోగంలో దాచుకునే రిటైర్మెంటు పొదుపు, 401(కె), కూడా ఆస్తే. అప్పులవాళ్లు ముట్టుకోలేని డబ్బు అయినా, నేను ఇప్పుడు తీయలేని డబ్బు అయినా, లెక్కలోకి వస్తుంది. 11,940 డాలర్లు అలా ఆస్తివైపు చేరాయి.

ఇండియా కాగితాలకు పదకొండు రోజులు పట్టింది. వర్క్‌షీటులో దేశం పేరు ఎక్కడా ఉండదు, అంటే అన్ని దేశాలూ అని అర్థం. చదువు లోను ఇంకా 14,60,000 రూపాయలుంది. అది అప్పే, లెక్కలో చూపొచ్చు. నాన్న మొదటిసారి వెళ్తే మేనేజరు లేరన్నారు. రెండోసారి ఆ రోజు తేదీతో బాకీ కాగితం ఇచ్చారు. ఆగస్టు 14 నాటిది కావాలని మూడోసారి పంపాను. చివరికి ఏడాది స్టేట్‌మెంటు మొత్తం ప్రింటు తీసి ముద్ర వేసి ఇచ్చారు. ఆపరేషన్ అయిన మనిషిని మూడుసార్లు ఎండలో తిప్పానని బాధపడ్డాను. మీరైతే మొదటిసారే ఏడాది స్టేట్‌మెంటు అడగండి.

రెండో అప్పు మామయ్యది. నాన్న ఆపరేషన్‌కు ఆయన 3,00,000 ఇచ్చారు. ఆ రోజు ఆసుపత్రి వరండాలోనే నాన్న ప్రోనోటు తెప్పించి, రెవెన్యూ స్టాంపు అంటించి, నా చేత సంతకం పెట్టించారు. మామయ్య "మన మధ్య కాగితాలేంటి బావా" అన్నారు. నాకూ తప్పుగా అనిపించింది, సొంత మేనమామతో నోటు ఏమిటని. "బాకీ బాకీయే, రేపు నేను లేకపోయినా వాడు తీర్చాలి" అన్నారు నాన్న. ఇంట్లోవాళ్లు ఇచ్చిన డబ్బు అప్పా, ఊరికే ఇచ్చిందా అన్న ప్రశ్న ఎవరైనా వేస్తే చూపడానికి ఇప్పుడు ఆ కాగితం, డబ్బు పడిన బ్యాంకు ఎంట్రీ రెండూ ఉన్నాయి. మామయ్య ఫొటో తీసి పంపించారు.

అప్పటికి నా లెక్క ఇలా తేలింది. డాలరుకు 84 రూపాయల చొప్పున చదువు లోను 17,381. మామయ్యకు 3,571. ఈ కార్డు మీద మాఫీకి ముందు మిగిలిన 11,182 కూడా అప్పువైపే పెట్టాలి. రెండో కార్డు 4,870, కారు లోను 6,300, ఒక డాక్టరు బిల్లు 640. మొత్తం అప్పు 43,944. ఆస్తివైపు 401(కె), డిపాజిట్‌తో పాటు బ్యాంకులో 2,310, పాత కరోలా 9,200, సామాన్లు 1,800, మెళ్లో గొలుసూ ఉంగరం 1,600, గుంటూరు ఖాతాలో 900. మొత్తం 28,900. తేడా 15,044. మాఫీ అయింది 11,182 కాబట్టి మొత్తం మినహాయింపే. పన్ను సున్నా, 640 రీఫండు వెనక్కి. ఆ రాత్రి స్నేహితుడికి బిర్యానీ తినిపించాను.

స్థలం

మర్నాడు పొద్దున స్నానం చేస్తుంటే గుర్తొచ్చింది. మా ఊరి చివర, చెరువు దాటాక, 200 గజాల స్థలం ఉంది. నేను ఇంటర్లో ఉండగా నాన్న కొని నా పేరున రిజిస్టర్ చేయించారు. అది నాదని నాకెప్పుడూ అనిపించలేదు. ముళ్లకంపలు, ఒక వేపచెట్టు, చుట్టూ రాళ్లు. ఎప్పటికైనా అక్కడ ఇల్లు కట్టుకుంటానని నాన్న ఆశ.

పక్క స్థలం గజం 4,200కు పోయిందని సంక్రాంతికి అమ్మ చెప్పింది. అంటే 8,40,000 రూపాయలు, సరిగ్గా 10,000 డాలర్లు. అది ఆస్తివైపు చేరిస్తే 28,900 కాస్తా 38,900 అవుతుంది. తేడా 5,044కు పడిపోతుంది.

నాన్నకు ఫోన్ చేశాను. "ఆ స్థలం మాట అక్కడెందుకురా ఎత్తడం? ఎవరికి తెలుస్తుంది?" అన్నారు. ఆయనను తప్పుపట్టను, కొడుకు చేతిలో డబ్బు నిలవాలనే ఆయన అన్నారు. నిజానికి నేరుగా మన పేరున ఉన్న భూమిని విదేశీ ఖాతాల రిపోర్టులో చూపించే పని కూడా లేదు. కానీ ఇక్కడ నేను చేస్తున్నది వేరు. నా దగ్గర ఇంతే ఉంది, కాబట్టి పన్ను వద్దు అని నేనే అడుగుతున్నాను. అలా అడుగుతూ నాన్న కొనిపెట్టిన స్థలాన్ని దాచడం నా మనసుకు ఒప్పలేదు. అదే మాట ఆయనకు చెప్పాను. కాసేపాగి "సరే, నీ పేరున ఉన్నది నీదే, రాసెయ్" అన్నారు.

విలువ విషయంలో ఇంకో తిరకాసు. రిజిస్ట్రేషన్ ఆఫీసు లెక్కలో గజం 1,900 మాత్రమే. అది వాడితే నా పన్ను చాలా తగ్గుతుంది. కానీ వర్క్‌షీటు అడిగేది మార్కెట్ విలువ, అంటే కొనేవాడు, అమ్మేవాడు ఇష్టపడి ఒప్పుకునే ధర. ఊళ్లో అందరికీ తెలిసిన ధర 4,200. అదే రాశాను.

ఎన్‌రోల్డ్ ఏజెంట్ దగ్గర

ఇంతదాకా వచ్చాక సొంతంగా వేయడానికి భయమేసింది. మార్చి 8, శనివారం, ఒక ఎన్‌రోల్డ్ ఏజెంటును, అంటే ఐఆర్‌ఎస్ లైసెన్సు ఉన్న పన్ను నిపుణురాలిని, కలిశాను. ఫీజు 275 డాలర్లు. పెద్దావిడ. నా ఫోల్డరు తెరిచి మొదట అడిగిన ప్రశ్న, పెళ్లయిందా అని. టెక్సస్‌లో భార్యాభర్తల సంపాదన ఉమ్మడి ఆస్తి కిందకు వస్తుంది కాబట్టి పెళ్లయితే లెక్క మారుతుందట. కాలేదన్నాను. తర్వాత ప్రోనోటు ఫొటో చూసి స్టాంపు మీద సంతకం ఎందుకు పెట్టారని ఆసక్తిగా అడిగారు. మా ఊరి పద్ధతి చెప్పాను. "మీ నాన్నగారు తెలివైనవారు" అన్నారు. ఆ మాట సాయంత్రం నాన్నకు చెప్పాను.

ఫారం 982లో 1బి గడిలో టిక్కు. రెండో లైనులో 5,044. మిగిలిన 6,138 డాలర్లు షెడ్యూల్ 1లో 8సి లైనులో ఆదాయంగా. మాఫీ పొందినందుకు మన వస్తువుల కొన్న ధరను తగ్గించుకోవాల్సిన 10ఎ అనే లైను ఒకటుంది. సొంతంగా చేస్తే నేను తప్పకుండా పొరబడేవాడిని. ఆవిడ కొన్న ధరలన్నీ కూడి, మాఫీ తర్వాత కూడా నా అప్పులు వాటికన్నా ఎక్కువే ఉన్నాయని చూపించి, సున్నా వేశారు. వర్క్‌షీటు రిటర్నుతో పంపక్కర్లేదు, కానీ కాగితాలతో కలిపి జాగ్రత్తగా దాచమన్నారు.

6,138 మీద పన్ను 1,350. రీఫండు 640 పోగా కట్టాల్సింది 710. బాకీ 1,000 డాలర్ల లోపే కాబట్టి ముందే కట్టలేదన్న పెనాల్టీ కూడా లేదు. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు గనుక రెండో రిటర్ను గొడవ కూడా లేదు.

హెచ్1బి మీద ఉండి ఇలా అప్పు మాఫీ, ఇన్‌సాల్వెన్సీ అని రాస్తే రేపు గ్రీన్‌కార్డుకు ఏమవుతుందోనన్న టెన్షన్ లోపల ఉంది. లేచేముందు అడిగేశాను. "మీకు వచ్చిన ఫారం చూపించి, చట్టం ఇచ్చిన మినహాయింపు అడిగి, మిగిలింది కడుతున్నారు. చూపించకపోతే అప్పుడు భయపడాలి" అన్నారు. ఇంటికి వచ్చే దారిలో కారు ఆపి కాసేపు ఏడ్చాను, ఎందుకో నాకే తెలియలేదు.

మార్చి 22న ఈ-ఫైల్ చేశారు. అదే రాత్రి అంగీకరించినట్టు మెసేజీ వచ్చింది. డబ్బు మాత్రం జీతం చూసుకుని ఏప్రిల్ 14న, గడువుకు ఒక్కరోజు ముందు, ఐఆర్‌ఎస్ డైరెక్ట్ పేలో కట్టాను. రెండు రోజుల్లో ఖాతాలోంచి పోయింది. మే నెలాఖరులో ఐఆర్‌ఎస్ సైటులో నా ట్రాన్‌స్క్రిప్టు తీసి చూస్తే బాకీ సున్నా అని ఉంది. ఆ పేజీ ప్రింటు తీసి 1099-సి, సెటిల్‌మెంటు ఉత్తరం, నాన్న తెచ్చిన స్టేట్‌మెంటు, ప్రోనోటు ఫొటో, స్థలం దస్తావేజు కాపీ, అన్నీ ఒకే ఫోల్డరులో పెట్టాను.

రెండో కార్డువాళ్లు జూన్‌లో తామే ఫోన్ చేసి సగానికి సెటిల్ చేస్తామన్నారు. ఈసారి మొదట వదిలేసే సగం మీద పన్ను ఎంతో కాగితం మీద వేసుకున్నాను, తర్వాత, నిరుటి ఆగస్టు నుంచి నా అప్పులు ఎంత తగ్గాయో చూసుకున్నాను. ఇప్పుడైతే ఇన్‌సాల్వెన్సీ మినహాయింపు అంతగా దొరకదు. వద్దని చెప్పి, నెలకు 300 చొప్పున పూర్తిగానే కడుతున్నాను. మామయ్యకు మొన్న లక్ష పంపాను. ఆయన ప్రోనోటు వెనక జమ రాసి, తేదీ వేసి, ఫొటో పంపించారు.